తాతగారి గుడ్డ

గులుడుగ్ కుమ్మేసరికి ఇమాస్ కింద పడింది. ఆమె మొగుడు అతాంగ్ పరుగెత్తుకొచ్చి ముందు పొట్టేలు కొమ్ములు చూశాడు. దాని తలను రెండు చేతులా పట్టుకుని, మెలికలు తిరిగిన ఆ కొమ్ముల్ని వెలుతురు వైపుకు తిప్పి, ఎక్కడైనా బీట ఇచ్చిందేమోనని వేళ్ళతో తడిమి తడిమి చూశాడు. కొమ్ము బీటలిచ్చిన పొట్టేలు బరికి పనికిరాదు. ఇమాస్ ఆ పక్కనే, వెదురు బద్దల నేల మీద, అప్పుడే ఊడ్చి కుప్పపెట్టిన పెంటికల మీద, ఊపిరి అందక నోరు తెరుచుకుని పడి ఉంది. ఆమె చేసిన నేరమల్లా తొట్టి కడగడానికి వంగడం. ఆ తొట్టి రోజూ కడుగుతుంది, రోజూ వంగుతుంది.

"హమ్మయ్య, కొమ్ముకేం కాలేదు" అన్నాడు అతాంగ్. అప్పుడు ఇటు తిరిగాడు. "ఏం చేశావ్ దాన్ని?"

వంటింటి గుమ్మంలోంచి అత్తగారూ అదే అడిగింది. ఆవిణ్ణి ఊరంతా అంబు అనే పిలుస్తుంది, అమ్మ అన్నట్టు. "ఏం చేశావే దాన్ని? నోరులేని జీవం, ఊరికే కుమ్ముతుందా?"

అప్పుడు ఇమాస్‌కి జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. ఊపిరి వచ్చాక చెప్పబుద్ధి కాలేదు. తొడ పైభాగమంతా కమిలి నల్లబడింది. ఆ కాలితోనే కుంటుకుంటూ మిగతా తొట్లు కూడా కడిగింది, ఇంకెవరు కడుగుతారు? సాయంత్రం పక్కింటి చుచు పిన్ని వచ్చి, అల్లం పసుపు నూరి పట్టు వేస్తూ, "గులుడుగ్ ఎలా ఉంది? బెదిరిందటగా పాపం" అంది. కుమ్మింది పొట్టేలు, బెదిరిందీ పొట్టేలే! ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటారు. మా గారూత్ కొండల వైపు మాటలో గులుడుగ్ అంటే ఉరుమే. ఆ ఇంట్లో మంగలం ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఏం చేశావ్ దాన్ని. నిజమే, ఏం చేసింది? తల్లి గొర్రె ఈనుతూ చచ్చిపోతే, వణుకుతున్న ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పట్టింది. తేనెలో కోడిగుడ్డు గిలకొట్టి దాని గొంతులో పోసి, తను ఉప్పు చేప ముక్కతో అన్నం తింది. తేయాకు తోటలో ఆకు కోసే పని మానుకుంది, ఎందుకంటే "పొట్టేళ్ళని ఎవరు చూస్తారు? నీ కూలితోనా ఈ ఇల్లు నడిచేది?" అన్నాడు మొగుడు. కూలి అంటే కనీసం ఆమె చేతిలో పడేది, ఇదైతే అదీ లేదు, పైగా దీనికి పని అన్న పేరు కూడా లేదు. చేతిపాల మీద పెరిగిన పొట్టేలుకి మనిషంటే బెదురుండదు, దాని నుదుటి మీద చెయ్యి వెయ్యకూడదు, గోకాలనిపిస్తే గడ్డం కింద గోకాలి అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. అతాంగ్‌కి అదే సరదా. స్నేహితులొస్తే చాలు, గులుడుగ్ నుదుటికి అరచెయ్యి ఆనించి నెడతాడు. అది ఎదురు నెడుతుంది. "చూశారా నా పొట్టేలు పౌరుషం!" అంటాడు, వాళ్ళు ఈలలు వేస్తారు. నేర్పినవాడు టీ తాగి బజారుకు పోతాడు. నేర్చుకున్నది మాత్రం మర్నాడు పొద్దున్నే, తొట్టి దగ్గర వంగిన మనిషికి పాఠం అప్పజెబుతుంది. ఆ పౌరుషం ఏనాడైనా నేర్పినవాడి మీద పడిందా? ఆలోచిస్తున్నకొద్దీ ఇమాస్‌కి తొడ నొప్పి కన్నా ఈ మంటే ఎక్కువైంది.

ఊళ్ళో అందరూ పోటీ పొట్టేళ్ళను విడివిడిగా పెంచుతారు. మంచె మీద కట్టిన కొట్టంలో మధ్య మధ్య పలకలు కొట్టి, ఒక్కో గదిలో ఒక్కోదాన్ని ఉంచుతారు. అతాంగ్ కొట్టంలోనూ ఒకప్పుడు పలకలుండేవి. ఒక వానాకాలం వాటి అంచులు పుచ్చితే ఊడదీసి పెరటి వెనక పడేశాడు. రేపు బాగుచేసి కొడతానన్నాడు. ఆ రేపు రానే లేదు. గులుడుగ్, తెల్లటి బొదాస్, ముసలి లంగిత్, మూడూ ఒకే గదిలో మిగిలాయి. అవి ఒకదాన్నొకటి చంపుకోకుండా చూడాల్సిన పని ఎవరి నెత్తిన పడింది? ఇమాస్ తండ్రి గొర్రెలు కాసినవాడు. ఆయన చేసేది గుర్తు తెచ్చుకుని, మూడింటినీ కొట్టం చివరనున్న ఇరుకు సందులోకి తోలి తడిక అడ్డం పెట్టింది. పొట్టేలు కుమ్మాలంటే వెనక్కి నాలుగడుగులు జరగాలి. జరిగే చోటు లేకపోతే ఏం చేస్తుంది? ఒకదానికొకటి ఆనుకుని నిలబడి, ఒకదాని వాసన ఒకటి పీల్చి, విసిగి విసిగి చివరికి ఊరుకుంటుంది. పొట్టేలుకి తోటి పొట్టేలు మొహం కన్నా వాసనే ఎక్కువ గుర్తు. ఒళ్ళు కడిగినా, ఉన్ని కత్తిరించినా, నిన్నటి స్నేహితుడు ఇవాళ పరాయివాడైపోతాడు. అందుకని ఇమాస్ ఒక పాత గుడ్డ తీసి, పొద్దునా సాయంత్రమూ మూడింటి ఒళ్ళూ ఆ ఒక్క గుడ్డతోనే రుద్దేది. కూతురు నెనీ చంటిపిల్లగా ఉన్నప్పుడు భుజానికి వేసి ముడివేసి మోసిన బాటిక్ గుడ్డ అది. నెనీ ఇప్పుడు బాండుంగ్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఉంది. గుడ్డ మాత్రం తల్లి నడుముకే ఉంది. దాన్ని చుట్టుకునే గడ్డి కోసేది, దాంతోనే మొహం తుడుచుకునేది, దాంతోనే పొట్టేళ్ళను రుద్దేది. మూడింటికీ ఒకటే వాసన, ఇమాస్ వాసన.

ఇంట్లో ఆ వాసనకి దక్కిన మర్యాద వేరు. "నీ దగ్గర పొట్టేలు కంపు, అవతల కూర్చుని తిను" అనేవాడు అతాంగ్. "ఎవరైనా వస్తే కాఫీ గుమ్మం దగ్గర పెట్టెళ్ళు, లోపలికి రాకు" అనేవాడు. "ఆ గుడ్డ ఉతికి తగలెయ్యవే, చచ్చిన ఎలకలా ఉంది" అనేది అంబు. ఇమాస్ వాళ్ళ ముందు ఒళ్ళు దగ్గర పెట్టుకుని, దూరంగా జరిగి కూర్చుని, తల వంచుకుని తినేది. అలా ఎందుకు జరిగానా అని ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు హాజీ ఒమాన్ వచ్చాడు. ఆ చుట్టుపక్కల పొట్టేళ్ళ సంఘానికి ఆయనే పెద్ద. కొట్టంలోకి తొంగిచూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇదేం వింతరా అతాంగ్! మూడు పోటీ పొట్టేళ్ళు, మధ్యలో పలకన్నా లేదు! ఏం మంత్రం వేశావురా?"

అతాంగ్ కళ్ళు మేకుకు వేలాడుతున్న గుడ్డ మీద పడ్డాయి. రెప్ప వెయ్యకుండా అన్నాడు: "మా తాతగారి గుడ్డండీ అది. ఆయన చెయ్యి పడితే పొట్టేలు పిల్లిలా పడుండేదట. పోతూ పోతూ మా నాన్న చేతిలో పెట్టారు."

గడ్డిమోపు దించుతున్న ఇమాస్‌కి నవ్వొచ్చింది, మొగుడు సరదాకి అంటున్నాడనుకుంది. హాజీ ఒమాన్ రెండు చేతులూ జోడించినట్టు పట్టి ఆ గుడ్డను ముట్టుకున్నప్పుడు ఆ నవ్వు గొంతులోనే ఎండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది. అప్పట్నుంచీ పోటీలకు అతాంగ్ ఆ గుడ్డను భుజాన వేసుకునే వెళ్ళాడు. నల్ల బట్టలు కట్టి, తలగుడ్డ చుట్టి, డోలుకూ సన్నాయికీ తగ్గట్టు పొట్టేలు పక్కన అడుగులేసి ఆడాడు. జనం గుడ్డ కొంగు కళ్ళకు అద్దుకున్నారు. ఇంట్లో కంపు, బరిలో మహిమ. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మహిమను ఇమాస్ మొహాన విసిరి, "ఇదిగో, వాటిని రుద్దు" అనేవాడు. ఇక పలకల ఊసెందుకు? పలకల్లేని కొట్టమే ఇప్పుడతని పేరు.

కుమ్ము తిన్న మర్నాడు ఇమాస్ మొగుడి ముందు నిలబడి, పెళ్ళయ్యాక మొదటిసారి ఒకటి అడిగింది. అతణ్ణి కాంగ్ అనే పిలుస్తుంది, బావా అన్నట్టు.

"కాంగ్, పలకలు కొట్టించు. ఈ కాలుతో మూడింటి మధ్యకి నేను వెళ్ళలేను. ఒకదాన్ని వంగి చూసేలోపు ఇంకోటి వెనక నుంచి వస్తుంది."

"ములుద్ నెల వెళ్ళనీ."

"అప్పటిదాకా ఇంకోసారి కుమ్మితే?"

"కుమ్మకుండా చూసుకో. ఇన్నేళ్ళు చూసుకోలేదూ?" అతాంగ్ అద్దంలో మీసం దువ్వుకుంటున్నాడు. "హాజీగారు మాటిచ్చారు. ఈ ములుద్‌కి అందరి కత్తులతో పాటు మా తాతగారి గుడ్డకీ మన ఇంటి దగ్గరే పూలస్నానం. నలభై ఊళ్ళ వాళ్ళు వస్తారు. వచ్చి ఏం చూడాలి, పలకలా?"

ప్రవక్త పుట్టిన ఆ ములుద్ నెలలో తాతలనాటి కత్తుల్నీ బాకుల్నీ పూలనీళ్ళతో కడగడం మా వైపు ఆచారం. కత్తిని కడిగితే తుప్పు పోతుంది. గుడ్డను కడిగితే ఏం పోతుందో అక్కడ తెలిసిన మనిషి ఒక్కతే. చెబుదామని నోరు తెరిచింది కూడా. "కాంగ్, ఆ గుడ్డ కడక్కూడదు. కడిగితే..."

"ఇప్పుడు నువ్వు చెప్పాలా నాకు?" అన్నాడు. గుమ్మంలోంచి అంబు అందుకుంది. "మగాడు పదిమందిలో ఒక మాటన్నాక దాన్ని నిలబెట్టేదే ఆడది. నోరు మూసుకుని బియ్యం ఏరు." ఆ గుడ్డలోనే నెనీని జోకొట్టిన అంబు, నిన్నమొన్నటిదాకా దాన్ని ఉతికి తగలెయ్యమన్న అంబు!

పూలస్నానం ముందురోజు హాజీ ఒమాన్ స్వయంగా వచ్చాడు. మేకు మీంచి ఇమాస్ గుడ్డ తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మాయ్, ఇక నువ్వు దాన్ని ముట్టుకోకు. పెద్దల వస్తువు. ఆడవాళ్ళ మైల తగలకూడదు." ఇమాస్ చెయ్యి గాల్లోనే ఆగింది. తన చెమట, తన పాలు, తన కూతురి నిద్ర ఇంకిన గుడ్డ. దానికి తన మైల తగలకూడదట! అతాంగ్ వైపు చూసింది. అతను నేల చూపులు చూడటంలేదు, సిగ్గుపడటంలేదు. తన అబద్ధాన్ని తనే నమ్మేశాడు. అప్పుడే ఇమాస్ మనసులో ఏదో తెగింది. సరే అనుకుంది. ముట్టుకోను. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ఇక ముట్టుకోను, గుడ్డనూ, మిమ్మల్నీ, ఈ పేరునూ.

పూలస్నానం రోజు తెల్లారకముందే పొయ్యి వెలిగించింది. పసుపన్నం గోపురంలా పేర్చి, చుట్టూ వేయించిన కోడీ, కారమూ, పచ్చి ఆకులూ, ఉడికిన గుడ్లూ సర్దింది. కాలు నొప్పికి గోడ పట్టుకుని నడిచింది. చుచు పిన్ని కొబ్బరి తురుముతూ, "కాస్త కూర్చోవే" అంటే, "కూర్చుంటానులే పిన్నీ, ఇవాళ కూర్చుంటాను" అంది.

బయట సాంబ్రాణి పొగ. ఏడు ఊటల నీళ్ళు తెచ్చి గంగాళంలో పోసి, మల్లెలూ గులాబీలూ చల్లారు. మగవాళ్ళు గుండ్రంగా కూర్చుని ప్రార్థన చదివారు. హాజీ ఒమాన్ గుడ్డను మెల్లగా ముంచాడు, పైకెత్తాడు, మళ్ళీ ముంచాడు. ఇన్నేళ్ళ మురికి గోధుమరంగు తీగల్లా నీళ్ళలోకి దిగింది. "చూడండి, ఎంత పాతదో" అని ఎవరో గుసగుసగా అన్నారు. ఆ నీళ్ళను దోసిళ్ళతో తీసి మొహాలకు రాసుకున్నారు, జుట్టుకు రాసుకున్నారు. కొందరు ఇంట్లో పిల్లలకని సీసాల్లో నింపుకున్నారు. మిగిలిన నీళ్ళు పారబొయ్యడం ఎందుకని, షాంపూ కలిపి మూడు పొట్టేళ్ళకూ స్నానం చేయించారు. కర్ర మీద గుడ్డను ఆరబెట్టి, దాని మీద అత్తరు చల్లారు. వంటింటి తలుపు దగ్గర నిలబడి ఇమాస్ అంతా చూసింది. ఇప్పుడా గుడ్డకి ఇమాస్ వాసన లేదు, పొట్టేళ్ళ వాసన లేదు, పొట్టేళ్ళకే పొట్టేళ్ళ వాసన లేదు.

అయినా మనిషి కదా. అతాంగ్ కొట్టం వైపు నడుస్తుంటే ఎదురెళ్ళి, అతనికి మాత్రమే వినబడేలా అంది. "ఇవాళ వాటిని కలపకు. సందులో ఉంచు, రేపటిదాకా. నువ్వు లోపలికి వెళ్ళకు."

"పదిమందిలో నా పరువు తియ్యకు. పో, వడ్డనల సంగతి చూడు."

వెళ్ళాడు. మంచె ఎక్కి, తడిక తీసి, మూడు పొట్టేళ్ళనూ గది మధ్యకు వదిలాడు. జనం కింద మూగారు. అత్తరు వాసన కొట్టే గుడ్డను భుజాన సర్దుకుని, "చూడండి మా తాతగారి మహిమ" అంటూ ఎప్పటిలాగే గులుడుగ్ నుదుటికి అరచెయ్యి ఆనించి నెట్టాడు.

గులుడుగ్ ముక్కు ఎగరేసి గాలి పీల్చింది. కుడివైపు పరాయి పొట్టేలు, ఎడమవైపు పరాయి పొట్టేలు, ఎదురుగా నుదురు నెట్టే మనిషి. నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఇవాళ చోటుంది.

ఆ దెబ్బకు అతాంగ్ ఎగిరి తొట్టి మీద పడ్డాడు. తొట్టి విరిగింది. బొదాస్ లంగిత్ మీదికి లేచింది. జనం కేకలు వేశారు. బరిలో పండిన మగవాళ్ళు కాబట్టి ముగ్గురు ఒక్క దూకులో మంచె ఎక్కి, తలా ఒక పొట్టేలును కొమ్ములు పట్టి నేలకు అదిమారు. పొట్టేలును పట్టడం వాళ్ళకి బాగా వచ్చు. పట్టాక ఏం చెయ్యాలన్నదే ఏనాడూ అవసరం పడలేదు.

తొడ పట్టుకుని దొర్లుతూనే అతాంగ్ అరిచాడు. "కొమ్ము! కొమ్ము చూడండ్రా!"

అందరూ కొమ్ములే చూశారు. అంబు గుండెలు బాదుకుంటూ వచ్చి కోడలి మీద పడింది. "ఏం చేశావే వాటిని? ఏం పెట్టావే?"

"నేనేం చెయ్యలేదు అంబు. నిన్నట్నుంచీ నేను ముట్టుకోలేదు. ముట్టుకోవద్దన్నారుగా."

"ఇమాస్!" అతాంగ్ ఏడుపు గొంతుతో పిలిచాడు. "ఆ గుడ్డ తీసుకుని వాటిని రుద్దవే! త్వరగా!"

గులుడుగ్ కొమ్ములు పట్టుకుని రొప్పుతున్న హాజీ ఒమాన్ తలెత్తాడు. "ఆ అమ్మాయెందుకు రుద్దాలి? తాతగారి గుడ్డ కదురా?"

"తాతగారిది కాదండీ" అంది ఇమాస్. "మా నెనీని చంటిపిల్లప్పుడు మోసుకు తిరిగిన గుడ్డ. దాంట్లో ఉన్నది దాని ఉచ్చ, నా చెమట. పొట్టేళ్ళు ఊరుకున్నది ఆ వాసనకే. ఇందాక మీరంతా మొహాలకు రాసుకున్నారే, అదే."

సీసా పట్టుకున్న ఒక పెద్దాయన దాన్ని దూరంగా జరిపి చూశాడు. హాజీ ఒమాన్‌కి మొహం తుడుచుకోవాలనిపించింది గానీ, చేతుల్లో గులుడుగ్ ఉంది. "నిజమా అంబు?" అన్నాడు. అంబు పైటతో నోరు కప్పుకుంది.

"మరిప్పుడు వీటినేం చెయ్యాలమ్మా?" అన్నాడు ఇంకో పొట్టేలును పట్టుకున్నతను.

"పలకలు పెరటి వెనక ఉన్నాయి. అంచులు కోసి వాడుకోవచ్చు. మిగతావాళ్ళు కొట్టండి. కొట్టేదాకా మీరు ముగ్గురూ కొమ్ములు వదలకండి."

ఆ మాట చెప్పి ఇమాస్ ఇంట్లోకి నడిచింది. అతిథుల కోసం పరిచిన కొత్త చాప మధ్యలో, పసుపన్నం గోపురం ముందు, నొప్పి కాలు చాపుకుని కూర్చుంది. పళ్ళెంలో అన్నం పెట్టుకుంది. కోడి తొడ వేసుకుంది. గుడ్డు ఒకటి తీసుకుని, ఆలోచించి రెండోది కూడా తీసుకుంది. పెరట్లో సుత్తి చప్పుడు మొదలైంది.

వెనకే వచ్చిన అంబు గుమ్మంలో కొయ్యబారిపోయింది. "మగవాళ్ళింకా తినలేదే!"

"వాళ్ళ చేతులు ఖాళీగా లేవు అంబు" అంది ఇమాస్, ముద్ద కలుపుకుంటూ.